ఆటు దిగిన ఒడ్డున నిద్ర

అండమాన్‌కు ముగ్గురం వెళ్లాల్సింది. బయలుదేరే ముందు రోజు మా ఆయన ఆఫీసులో ఏదో సర్వర్ పడిపోయి, ఆయన సెలవు రద్దయింది. "టికెట్లు పాడుచేసుకోవడం ఎందుకు, మీరిద్దరూ వెళ్లి రండి" అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకరు నేను, ఇంకొకరు మా అత్తమ్మ. పెళ్లయిన తొమ్మిదేళ్లలో మేమిద్దరం కలిసి కూరగాయల సంత దాటి ఎక్కడికీ వెళ్లింది లేదు.

నాది కాకినాడ వైపు. రాయదుర్గంలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అప్పట్లో అమెరికా వాళ్ల వేళల ప్రకారం పని. మధ్యాహ్నం వెళితే ఊరంతా పడుకున్నాక కంపెనీ క్యాబ్ నన్ను ఇంటి ముందు దింపేది. అత్తమ్మ పుట్టింది శేరిలింగంపల్లి పక్కన ఒక పల్లెలో. ఆవిడ చిన్నప్పుడు వరి కోసిన చోట ఇప్పుడు అద్దాల మేడలున్నాయి. మామయ్యగారు బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. ఆయన కట్టిన చిన్న ఇంట్లోనే మేం ఉంటున్నాం. నాకూ అత్తమ్మకూ మధ్య గొడవలు లేవు. మాటలూ అంతగా లేవు. నేను లేచేసరికి ఆవిడ వంట, పూజ, పక్కింటి కబుర్లు అన్నీ అయిపోయేవి. నేను వచ్చేసరికి ఆవిడ నిద్రలో ఉండేది.

ఆ ఏడాది నేను బాగా అలసిపోయి ఉన్నాను. రక్త పరీక్ష చేయించుకుంటే ఐరన్ తక్కువగా ఉందని మాత్రలు రాసిచ్చారు. మాత్రలు అయిపోయాయి గాని అలసట అయిపోలేదు. సముద్రం చూస్తే బాగుంటుందనిపించింది. మా ఆయన వెతికి వెతికి, పెద్ద రిసార్టులు లేని ఒక చిన్న దీవిలో, ఒక బెంగాలీ కుటుంబం ఇంటి వెనక కట్టిన గది కుదిర్చాడు. చుట్టూ అరటి చెట్లు, పక్కనే కోళ్ల గూడు. సైకిల్ ఉంటే దీవి అంతా తిరిగి రావచ్చట. నా ఫోన్‌లో మాత్రం పెద్ద పథకమే ఉంది: నీటి అడుగు కనబడే అద్దాల పడవ, స్కూబా డైవింగ్, సూర్యోదయం ఒక ఒడ్డున, సూర్యాస్తమయం ఇంకో ఒడ్డున.

పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన ఓడలో నాకు రెండుసార్లు వాంతి అయింది. అత్తమ్మకు ఏమీ కాలేదు. దిగిన మర్నాడు పొద్దున్నే గదికి దగ్గరలో ఉన్న ఒడ్డుకు నడిచాం. దారి చివర వెదురు కమాను, దాని పక్కన రెండు సిమెంటు బెంచీలు. అత్తమ్మ కమాను దగ్గర ఆగిపోయింది.

"టికెట్ ఏడ తీసుకోవాలె?"

"టికెట్ లేదత్తమ్మా. ఊరికే."

"ఊరికేనా? మన దగ్గర చెరువు కట్ట మీద నడిస్తేనే పైసలడుగుతరు. గింత పెద్ద సముద్రానికి టికెట్ లేదా?"

ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని అటూ ఇటూ చూసి, చెప్పులు చేత పట్టుకుని ఇసుకలోకి దిగింది. తీరా చూస్తే సముద్రం లేదు. ఆటు దిగి, ఎక్కడో దూరంగా నీలం గీతలా ఉంది. ముందంతా చచ్చిన పగడపు రాళ్లు, మధ్య మధ్య నీటి గుంటలు.

"ఇప్పుడు వెనక్కి పోయిందత్తమ్మా. మధ్యాహ్నానికి మళ్లీ వస్తుంది" అన్నాను.

"దానికి సుత షిఫ్టులున్నయా?" అంది. నవ్వడానికి కూడా నాకు ఓపిక లేదు.

ఒడ్డున నాటు బాదం చెట్లు ఇసుక మీదికి ఒరిగి ఉన్నాయి. నీడలో దుప్పటి పరుచుకుని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాను. కళ్లు తెరిచేసరికి నీడ నా మీద నుంచి జరిగిపోయింది. నీళ్లు రాళ్లన్నింటినీ మింగేసి చెట్ల వేళ్ల దాకా వచ్చాయి. నా ముఖం మీద అత్తమ్మ తువ్వాల ఉంది. ఆవిడ పక్కనే కాళ్లు చాపుకుని, మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చుంది.

"ఓ కుక్క అచ్చింది. ఎల్లగొట్టిన" అంది, అదొక్కటే విశేషం అన్నట్టు.

రెండో రోజు అద్దాల పడవ మాట్లాడి ఉంచాను. టిఫిన్ తినగానే మళ్లీ కళ్లు మూతలు పడ్డాయి. ఒళ్లు ఇసుక బస్తాలా ఉంది. పడవ వాడికి ఫోన్ చేసి రాలేమని చెప్పాను. చెప్పాక ఏడుపు వచ్చింది. ఇంత దూరం, ఇన్ని సెలవులు అడుక్కుని, నిద్రపోవడానికి వచ్చానా?

"పడవ ఎవలికి గావాలె?" అంది అత్తమ్మ. "చేపలను మార్కెట్ల జూడలేదా నేను? నువ్వు పండుకో, ఫో."

అలా ఆ చెట్ల కిందే పడుకున్నాను. నేను నిద్రపోతున్నంతసేపూ అత్తమ్మ ఆ ఒడ్డంతా తిరిగింది. కమాను దగ్గర పైనాపిల్ ముక్కలకు ఉప్పు కారం అద్ది అమ్మే బెంగాలీ ఆవిడతో స్నేహం కట్టింది. మెలకువ వచ్చినప్పుడల్లా వాళ్ల మాటలు వినబడేవి. "క్యా జీ, కైకు ఇత్తా ధూప్ మే బైఠే?" అని అత్తమ్మ ఆవిడ్ని నీడలోకి జరగమనేది. ఆవిడ తన యాసలో ఏదో అనేది. ఒకరి హిందీ ఒకరికి సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే పిల్లల పెళ్లిళ్లు, మోకాళ్ల నొప్పులు, బియ్యం ధరలు అన్నీ మాట్లాడుకున్నారు.

ఆ సాయంత్రం, సిగ్నల్ అందని ఆ ఒడ్డు నుంచి రోడ్డు మీదికి రాగానే ఫోన్ ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. ఆఫీసులో మా టీమ్ లీడ్. "సారీ, సెలవులో ఉన్నారని తెలుసండి. చిన్న డౌట్ అంతే" అన్నాడు. కొబ్బరి బోండాల బండి పక్కన నిలబడి, చిన్న డౌట్ తీరేదాకా మాట్లాడాను. చీకటి పడింది. అత్తమ్మ కొంచెం దూరంలో నిలబడి నన్నే చూస్తోంది.

మూడో రోజు మెలకువ వచ్చేసరికి పక్కన అత్తమ్మ లేదు. ఆవిడ చెప్పులు, కళ్లద్దాలు తువ్వాల మీద ఉన్నాయి. కమాను దగ్గరా లేదు, బెంచీల మీదా లేదు. నీళ్ల వైపు చూడడానికి భయమేసింది. కళ్లద్దాలు లేకపోతే ఆవిడకు మెట్టు కూడా కనబడదు. పైనాపిల్ ఆవిడ చోటులో బుట్ట ఒక్కటే ఉంది. గట్టిగా పిలిచాను. ఎవరో సైకిల్ మీద పోతూ రాళ్ల అవతలికి చెయ్యి చూపించారు.

పగడపు రాళ్ల మీద చెప్పుల్లేకుండా పరుగెత్తాను. అరికాలు కోసుకుపోయింది. రాళ్ల అవతల, ఆటు దిగినప్పుడు నిలిచిపోయిన పెద్ద నీటి మడుగు ఒకటుంది. అందులో అత్తమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కొప్పు ఊడిపోయి, తీరిగ్గా కూర్చుని ఉంది. పక్కన ఆ బెంగాలీ ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. నలుగురూ దేనికో పడీ పడీ నవ్వుతున్నారు.

"అత్తమ్మా! చెప్పకుండా వస్తారా? నేనెంత భయపడ్డానో తెలుసా?"

"ఏంది, గట్ల ఒర్రుతున్నవ్? నడుముల దాంక గూడ లేవు నీళ్లు."

"నన్ను లేపొచ్చు కదా!"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నీళ్లలోంచి నా వైపు చూసింది, అద్దాలు లేని కళ్లు చిట్లించి.

"ఎట్ల లేపాలె బిడ్డా? తొమ్మిదేండ్ల సంది నీ తలుపు జూసిన గని, నీ నిద్ర జూడలే. పొద్దెక్కేదాంక తలుపేసుకోనుంటే, పండుకున్నది హాయిగ అనుకున్న. చుట్టాలతోని గూడ అట్లనే చెప్పిన. ఈడ జూస్తున్న గదా. నిద్దర్ల గూడ నీ యేళ్లు ఆడుతనే ఉన్నయి, టకటక టకటక కొట్టినట్టు. అది నిద్రనా?"

కోపం ఎటు పోయిందో పోయింది. బెంగాలీ ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చింది. చుడీదార్‌తోనే మడుగులో కూర్చున్నాను. ఉప్పునీళ్లకు అరికాలు భగ్గుమంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. వేలంత చేపలు వచ్చి కాళ్ల చుట్టూ తిరిగాయి. అత్తమ్మ నా చెయ్యి పట్టుకోలేదు. వాళ్ల కబుర్లలో పడిపోయింది. పోటు మొదలై మడుగు అంచు మీదుగా నీళ్లు పొర్లేదాకా అలాగే కూర్చున్నాం. తర్వాత నా పాదానికి ఆవిడ తన కొంగు అంచు చించి కట్టింది. పాత చీరేలే అంది.

దీవిలో ఉన్న మిగతా రోజుల్లో కూడా నేను ఏ పడవా ఎక్కలేదు. స్కూబా చేయలేదు. సూర్యోదయం చూడలేదు. పడుకున్నాను, లేచాను, మడుగులో కూర్చున్నాను, మళ్లీ పడుకున్నాను. ఇంటికొచ్చాక ఫోటోలు ఏవని మా ఆయన అడిగాడు. ఉన్నవి నాలుగైదు, అవీ పైనాపిల్ ఆవిడ తీసినవి. ఒక్కదాంట్లోనూ నేను కళ్లు తెరిచి లేను.

తిరిగి వచ్చిన వారంలోనే అలసట మళ్లీ వచ్చి కూర్చుంది. సముద్రం దాన్ని కడిగేస్తుందని నేను అనుకున్నాను, అది జరగలేదు. కొన్ని మార్పులు మాత్రం వచ్చాయి. అత్తమ్మ పొద్దున మిక్సీ వేయడం మానేసి, పచ్చడి రోట్లో, అదీ పెరట్లో కూర్చుని నూరడం మొదలుపెట్టింది. ఒకరోజు పక్కింటావిడ "కోడలింకా లేవలేదా?" అంటే "లేవది. రాత్రంత పని జేసొచ్చింది. నీకేం పరేషాన్?" అనడం నా చెవిన పడింది. కూర కలిపిన చేత్తో నేను ఫోన్ చూస్తుంటే, "జర ఆగుమను వాళ్లను" అంటుంది ఇప్పుడు.

షిఫ్ట్ మార్చమని లీడ్‌ను అడిగాను. ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోనివ్వండి అన్నాడు. దాని తర్వాత ఇంకో రిలీజ్ వచ్చింది. వానలు పడడం మొదలయ్యాక పగటి షిఫ్ట్ ఇచ్చారు. మొదటి నెల ఉద్యోగమే మారినట్టనిపించింది. రెండో నెల నుంచి సాయంత్రం మీటింగులు ఇంటికి కూడా రావడం మొదలైంది. సగం షిఫ్టే మారింది అనుకోవాలి.

ఇప్పుడు పొద్దున్నే బాలానగర్‌లో మెట్రో ఎక్కుతాను. అమీర్‌పేటలో రైలు మారాక ఒక్కోసారి సీటు దొరుకుతుంది. దొరికితే కూర్చున్నదొక్కటే గుర్తుంటుంది. రాయదుర్గం ఆఖరి స్టేషన్ కాబట్టి భయం లేదు. అందరూ దిగుతారు, దిగేవాళ్లలో ఎవరో ఒకరు నా భుజం తట్టి, "మేడమ్, వచ్చేసింది" అంటారు.