ఆకు తిప్పి చూడమన్న సత్తెమ్మగారు

ఈ ఉదయం కొట్లో గంధకం డబ్బా మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. సరిగ్గా అప్పుడే ఒక మనిషి వచ్చి, ముడుచుకుపోయిన మిరపాకు ఒకటి నా ముందు బల్ల మీద పెట్టాడు. గంధకం వాసనా, మిరపాకూ ఒకేసారి ఎదురయ్యేసరికి సత్తెమ్మగారు గుర్తొచ్చారు. ఈ రాజమహేంద్రవరంలో ఇప్పుడు ఆవిడ ఎవరికీ గుర్తు లేదు. కళ్ళుండీ చూడడం రాని నాకు చూడడం నేర్పింది ఆవిడే.

అప్పట్లో మా అన్నయ్యా నేనూ కలిసి కొట్టు నడిపేవాళ్ళం. ఎండుమిరప బస్తాలో చెయ్యి పెట్టి అది ఏ లంకలో పండిందో చెప్పేవాణ్ణి గానీ, మొక్క మొహం చూసిన పాపాన పోలేదు. అయినా నాకు తోట మీద మోజు పుట్టి, ధవళేశ్వరం దిగువన గోదావరి నడుమ ఒక లంకలో రెండెకరాలు కౌలుకు తీసుకున్నాను. "ఒక్క ఏడాది చూస్తాను. పంట చేతికి రాకపోతే మళ్ళీ తోట మాట ఎత్తకుండా కొట్లో కూర్చో" అన్నాడు అన్నయ్య. నాకు పంతం వచ్చింది.

సత్తెమ్మ చేపలు పట్టే ఇంటి మనిషి. భర్త ఏటి మీద ఉంటే తను అదే లంకలో మిరప వేసేది. అప్పుడప్పుడూ మా కొట్టుకొచ్చి గంధకం కొనుక్కెళ్ళేది. మా వైపు గంధకం నూనెలో కలిపి గజ్జికి పూస్తారు. ఒకరోజు నోరు ఊరుకోక, "ఏంటి సత్తెమ్మా, ఇంటిల్లిపాదికీ గజ్జేనా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "మాకు కాదండీ శెట్టిగారూ, మిరపకి. మీ తోటకీ పట్టింది, చూసుకున్నారా?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మర్నాడు తెల్లవారగానే పడవెక్కి లంకకు వెళ్ళాను. ఆవిడ నా తోటలోకి వచ్చి రెండు ఆకులు కోసి అరచేతిలో పెట్టింది. ఒకదాని అంచులు పైకి లేచి ఉన్నాయి, రెండోదాని అంచులు కిందికి వంగి ఉన్నాయి.

"పడవ నీళ్ళ మీద తేలుతున్నట్టుంటే తామర పురుగండి. దానికి పొగాకు కషాయం చల్లాలి. పడవ బోర్లా పడ్డట్టుంటే నల్లి, కంటికి ఆనని పురుగు. దానికి పొగాకు ఏం చెయ్యదు, గంధకమే. అయితే వాలకం చూసి మోసపోకండి. ఆకు తిప్పి చూడాలి."

తిప్పాను. ఏమీ కనబడలేదు. ఆవిడ తన నల్లచీర కొంగు పరిచి, దాని మీద ఆకును రెండుసార్లు తట్టి, ఎండకు ఏటవాలుగా పట్టి, మెల్లగా ఊపిరి వదిలింది. "దుమ్మయితే కదలదండి. ప్రాణమున్నదైతే ఊపిరి వెచ్చదనానికి కదులుద్ది."

నాలుగు రోజులపాటు నాకు కనబడింది నల్లగుడ్డ ఒక్కటే. "వలకన్నులు చూసి చూసి నా కళ్ళకి అలవాటండి, మీరు తొందరపడకండి" అనేది. అయిదోరోజు, ఇసుకరేణువులో పదోవంతు కూడా లేని తెల్లటి చుక్క ఒకటి నా ఊపిరికి పక్కకు జరిగింది. పట్టరాని సంతోషంతో కేక పెట్టాను. మంచు ఆరకముందే పల్చటి గుడ్డలో గంధకం మూటకట్టి మొక్కల మీద దులిపాం. పది పదిహేను రోజులకు కొత్త చిగురు సాఫుగా వచ్చింది.

అంతటితో నా తలకు పొగరెక్కింది. ఆకు తిప్పే అవసరం లేకుండానే తెగులు చెప్పేస్తానన్న ధీమా వచ్చింది. మా పక్క చేను సూరయ్యది. వరదకు మొదటి నారు పోతే, మళ్ళీ నాటుకుని వారం కూడా కాలేదు. ఏడాది తిండి ఆ చేనులోనే ఉంది. ఒక మిట్టమధ్యాహ్నం నేను రేవులో పడవెక్కబోతుంటే గట్టు మీదినుంచి కేకేశాడు.

"శెట్టిగారూ, ఆకులన్నీ కిందికి వాలిపోతున్నాయండి. ఒకసారి చూసి వెళ్ళండి."

నేను గట్టెక్కలేదు. అక్కడినుంచే చూసి, "నల్లి. పీకెయ్, లేకపోతే లంకంతా పాకుతుంది" అన్నాను. లంకంతా అన్నానే గానీ నా భయమంతా నా తోట గురించే. సత్తెమ్మ దగ్గర నేర్చుకున్న మనిషినని సూరయ్య నమ్మాడు. పొద్దుగూకేలోగా చేనంతా పీకేశాడు.

మర్నాడు గట్టు మీద కుప్పపడి ఉన్న మొక్కల పక్కన సత్తెమ్మ కూర్చుని ఉంది. ఒక్కొక్క ఆకే తిప్పి, తట్టి, ఊపిరి వదిలి చూస్తోంది. కొంగు మీద ఒక్క చుక్కా లేదు. వేరు కుదురుకోని మొక్కలు ఎండకు తల వాల్చాయి, అంతే. రెండు కడవల నీళ్ళు పోస్తే తేరుకునేవి.

"ఆకు తిప్పారా బాబూ?" అంది.

అక్కడే ఉన్న సూరయ్య నా వైపు చూడను కూడా చూడలేదు. తిట్టినా బాగుండేది.

ఆవిడ తన మడిలో మిగిలిన నారంతా తీసి నా చేతికిచ్చింది. సూరయ్య చేలో మూడు రోజులు వంగి నాటాను, ఏటినుంచి కావడితో నీళ్ళు మోశాను. అయినా అదను తప్పింది, సూరయ్యకు సగం పంటే వచ్చింది. నా మిరప మాత్రం విరగకాసింది. అన్నయ్య మెచ్చుకుంటుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ ఏడు సూరయ్య ఇంటికి బియ్యం పంపితే తిప్పి పంపేశాడు. కనిపిస్తే పలకరించేవాడు గానీ, ఆకు మాత్రం మళ్ళీ ఎన్నడూ నాకు చూపించలేదు. ఇన్నేళ్ళూ అది నన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

నారు చేతికిచ్చిన రోజునుంచీ నేను ఆవిడను సత్తెమ్మగారూ, మీరూ అనే పిలిచాను. బజారులో కొందరు నవ్వారు. ఆవిడ కూడా, "నాకెందుకండీ గారు?" అని సిగ్గుపడేది. ఆవిడ చనిపోయేముందు చూడ్డానికి వెళితే, "తెలీకపోతే తెలీదనండి బాబూ, మొక్క బతుకుద్ది" అంది.

ఈ ఉదయం బల్ల మీద ఆకు పెట్టినవాడు సూరయ్యే. జుట్టంతా నెరిసిపోయింది. "ఏంటో చూడండి శెట్టిగారూ" అన్నాడు.

ఆకు తిప్పాను. నల్లగుడ్డ మీద తట్టి, వీధరుగు మీది ఎండలోకి పట్టి, ఊపిరి వదిలాను. ఏదో కదిలినట్టే ఉంది, కదలనట్టూ ఉంది. నా కళ్ళు మసకబారాయి, వయసు వల్లో మరెందువల్లో.

"నా కంటికి ఆనడం లేదు సూరయ్యా. తెలీకుండా చెప్పను. చేను దగ్గరికొచ్చి చూస్తాను."

సూరయ్య అరుగు దిగాడు.

"పడవ రేవులోనే ఉంచానండి, రండి" అన్నాడు.