నా మొహమాటాన్నీ, పంటి నొప్పినీ తీసిన ప్రభువు

సహోదరులారా, పంటి గురించి కూడా సాక్ష్యం చెబుతారా అని నవ్వుకుంటున్నారేమో, నవ్వుకోండి, కానీ ఆ రోజుల్లో చల్లటి మంచినీళ్లు గుక్కెడు తాగాలన్నా నాకు ఏడుపొచ్చేది, కొబ్బరిబొండం చూస్తేనే వణుకు పుట్టేది, అన్నం కుడివైపు నమిలితే జివ్వుమని నడినెత్తికెక్కేది! అమలాపురంలో పుచ్చిపన్నుకు సిమెంటు పెట్టించుకుని రాజోలు దగ్గర మా ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే బాధ.

తిండి లేకపోతే పోనీ అనుకున్నాను. పాట పోవడమే నన్ను కుంగదీసింది. మా అత్తయ్యగారికి చూపు ఆనదు, బైబిలు చదువుకోలేరు, సాయంత్రం ప్రార్థనలో నేను పాడే పాటే ఆవిడకు ఆదరణ. నోరు తెరిస్తే గాలి తగిలి పన్ను లాగేసేది, పాట సగంలో ఆగిపోయేది, ఆవిడ నా చేయి నిమిరేవారు, దాంతో నాకు ఇంకా ఏడుపొచ్చేది.

మళ్లీ వెళ్లి చూపించుకోవచ్చు కదా అంటారు. వెళ్లానండీ! మన కోనసీమ మర్యాదలు మీకు తెలియనివా? ఆ డాక్టరుగారు చిన్నవాడు, నెమ్మదస్తుడు, ఇప్పుడెలా ఉందండీ అని ఆప్యాయంగా అడిగేసరికి, అంత కష్టపడి చేసినాయన మొహం మీద బాగోలేదని ఎలా అంటాం, "ఆయ్, బాగుందండీ" అనేసి, పూతరేకుల పొట్లం ఆయన చేతిలో పెట్టి మరీ వచ్చేశాను! ఇంటికొచ్చి మోకాళ్లూని ప్రభువు దగ్గర ఏడుస్తుంటే అత్తయ్యగారు విన్నారు. తడుముకుంటూ వచ్చి నా దవడ మీద చేయి వేసి ప్రార్థన చేశారు.

"తండ్రీ, నా కోడలుపిల్ల నీ దగ్గర ఏడుస్తాది గానీ ఆ డాక్టరుబాబుగారి దగ్గర బాగుందని చెప్పి వచ్చేసిందయ్యా! నొప్పి సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు దీని మొహమాటం తీసెయ్యి నాయనా! దీని పాట లేక నాకు నిద్దరట్టట్లేదు ప్రభువా!"

ఏడుపులోనే నాకు నవ్వొచ్చేసింది. మర్నాడు ఆవిడే కర్ర పట్టుకుని నాతో ఆటో ఎక్కారు. డాక్టరుగారు అడగగానే, దేవునికే మహిమ, నోటిదాకా వచ్చిన ఆ 'బాగుందండీ' గొంతులోనే ఆగిపోయింది! నొప్పిగా ఉందండీ, పళ్లు మూస్తే ఇదే ముందు తగులుతోందండీ అని చెప్పేశాను. ఆయన కోప్పడలేదు సరికదా, నిన్ననే చెప్పొద్దా అమ్మా అంటూ రంగుకాగితం కొరికించి, రంగు అంటినచోటు చూసి, సిమెంటు ఎత్తుగా ఉన్నచోట కాస్త అరగదీశారు. కొద్దిరోజుల్లోనే ఆ జివ్వుమనడం పూర్తిగా పోయింది! ఇప్పుడు అత్తయ్యగారు ఇంకో పాట, ఇంకో పాట అంటూ నన్ను పొయ్యి దగ్గరకే వెళ్లనివ్వడం లేదు.

ప్రియులారా, ఎవరైనా అడిగితే బాగున్నామని చెప్పి లోపల కుమిలిపోకండి. యేసయ్య దగ్గర మర్యాదకు పోయి దాచుకోవద్దు, ఆయన్ను నమ్మి ఉన్నదున్నట్టు చెప్పండి. అలా చెప్పడానికి నోరు రాకపోతే, అదిగో, మా అత్తయ్యగారు ముందు వరసలోనే కూర్చున్నారు, ఆరాధన అయ్యాక ఆవిడ పక్కన వచ్చి కూర్చోండి, మీ తరఫున ఆవిడ అడిగేస్తారు!