టంకం తాత నక్షత్రం

మా తాత రేడియోలు బాగుచేస్తాడు. ఈ రోజుల్లో రేడియో ఎవరు బాగుచేయించుకుంటారని మాత్రం ఆయన్ని అడక్కండి, పూట గడిచిపోతుంది. వీధి గదిలో బల్ల ముందు కూర్చుని, గరిటె కాడ నుంచి పక్కింటావిడ కళ్లజోడు దాకా దేనికైనా టంకం వేసేస్తాడు. అందుకే వీధంతా ఆయన్ని టంకం తాత అంటుంది. ఆ అతుకు చచ్చినా ఊడదు. చూడ్డానికి మాత్రం కాకి రెట్ట వేసినట్టుంటుంది.

మా ఇంట్లో క్రిస్మస్ చెట్టుకి కొత్తవి కట్టరు. ఏటా పాత సామాన్ల కొట్టులో విరిగిన వస్తువొకటి ఏరి తెచ్చి, తాత అతికాక కట్టాలి. రెక్క ఊడిన ఇత్తడి పిట్ట, చెవి తెగిన గంట, అన్నీ అలా వచ్చినవే. అతుకు బయటికి కనబడాలన్నది నానమ్మ పెట్టిన రూలు. "దాచడానికి అదేమన్నా దొంగసొత్తా?" అనేదట. పెళ్లయిన ఏడు వాళ్లిద్దరూ తెచ్చుకున్న రేకు నక్షత్రం చెట్టు కొసకి. ఆ ఏడు వస్తువు ఎవరి వల్ల దొరికితే వాళ్లే నక్షత్రాన్ని పెట్టాలి. పండగయ్యాక అన్నీ ఒక డబ్బాలోకి, డబ్బా అటక మీదకి. నానమ్మ పోయినా ఇందులో ఏదీ మారలేదు.

ఈసారి అమ్మ అటక దులుపుతూ, పాత రేడియో డొక్కులతో పాటు ఆ డబ్బా కూడా పాత ఇనుపసామాన్ల బండికి వేసేసింది. మర్నాడు తనకి గుర్తొచ్చేసరికి తాత ఈ ఏటి వస్తువు కోసం కొట్టుకి బయల్దేరిపోయాడు.

"మామయ్యకి ఏ మొహం చూపించనే? అత్తయ్య చేత్తో కట్టినవన్నీ అందులోనే ఉన్నాయి."

"ఎలుకలు ఎత్తుకెళ్లాయని చెప్పు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. గంటని ఎలుకలు ఎత్తుకెళ్తాయా?"

అంతలో తాత చంకలో కాగితం పొట్లంతో వచ్చాడు. చెప్పులు విడుస్తూనే, "అమ్మాయ్, డబ్బా దించు" అన్నాడు.

నేను పైకప్పు దూలాలు లెక్కపెట్టడం మొదలెట్టాను. అమ్మ కొంగు నలిపీ నలిపీ, "లేదు మామయ్యా. చూసుకోకుండా బండివాడికి వేసేశాను. తప్పు నాదే" అని ఏడ్చేసింది.

తాత నెమ్మదిగా పొట్లం విప్పాడు. పిట్ట, గంట, వాటి కింద నక్షత్రం.

"కొట్టులో కొత్త సరుకొచ్చిందని చూపించారు. ఈ టంకం వేసినవాడెవడో గట్టి పనివాడే అనుకున్నాను."

"కాకి రెట్ట చూడగానే తెలియలేదా తాతా?"

"నోర్ముయ్. అది నా సంతకం."

అమ్మ ముక్కు తుడుచుకుంది. "తెలిసే డబ్బా దించమన్నారా?"

"నువ్వు నిజమే చెప్తావని తెలుసు. ఈ కోతి ఏదో ఎలుకల కథ నేర్పి ఉంటుందనీ తెలుసు." నక్షత్రం తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "ఈ ఏటి వస్తువులన్నీ నీ వల్లే కదా కొట్టుకి చేరాయి. ఎక్కు."

అమ్మ స్టూలెక్కింది. కంగారులో అతుకు గోడవైపు పెట్టింది. మేం నోరెత్తేలోపే తనే నాలిక్కరుచుకుని, దాన్ని ఇటు తిప్పింది.