ఒకపొద్దు నాటి మాత్ర

చిత్తిరై నెల ఎండల్లో ఒకరోజు బిందెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగేశాను. కాదు, చెంబెడే. కానీ చెంబు దించీ దించకముందే మళ్లీ దాహం. ఒళ్లు కూడా తగ్గిపోతూ వచ్చింది. తొంభైలు ముగిసే కాలమది. మాది తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర మిరప పండే పల్లె. టౌనులో బ్లడ్ టెస్ట్ చేసి షుగర్ అన్నారు.

"తీపి ముట్టకూడదు. పొద్దున ఆహారానికి ముందు ఈ మాత్ర ఒకటి. తెలిసిందా?" అని డాక్టరు తమిళంలో గబగబా అడిగాడు. వెనక జనం కాచుకొని ఉన్నారు. తెలిసిందన్నాను.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. పురట్టాసి వచ్చింది. ఆ నెల శనివారాల్లో మాకు ఒకపొద్దు. పెరుమాళ్లకు తళిగ, అంటే అన్నం నైవేద్యం, పెట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. ఆ శనివారం పొద్దున మాత్ర వేసుకొని, మా ఆవిడ రంగమ్మతో కలిసి మిరప మూట అమ్మడానికి విరుదునగర్ వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చి తళిగ పెట్టాలని మా లెక్క.

మండీలో మూట దించగానే చేతులు వణికాయి. చొక్కా చెమటకు తడిసిపోయింది. ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపించాడు.

"రంగమ్మా, ఏందో అవతా ఉండాది. చక్కెరేసి ఒక టీ ఇప్పించు."

"చక్కెరా? డాక్టరు ఏం జెప్పినాడు మామా? తళిగ గూడా కాలేదే."

"సచ్చిపోతానే."

"నిన్న దోసెకూ ఇట్లే సచ్చిపోతంటివి."

అంతలో పడిపోయాను. పదిమంది మోస్తేగానీ నేను ఆటోలోకి రాలేదని తర్వాత ఊళ్లో చెప్పుకున్నాను. నిజానికి మోసింది రంగమ్మ, ఆటో అతను. "మామా, కండ్లు తెరువు" అని ఆమె చెంపలు తడుతూంటే వినిపిస్తూనే ఉంది. బదులు చెప్పడానికి నోరు తిరగలేదు. అది మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచాను.

"లో షుగర్. మాత్ర వేసుకొని తినలేదా?" అంది డాక్టరమ్మ.

"ఆహారానికి ముందే గదమ్మా ఏసుకొన్యా. ఆహారం సాయంత్రం."

ఆమె నవ్వలేదు. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అని ఆగింది.

"చక్కెర అడిగినాడమ్మా. నేనే ఈలేదు" అని రంగమ్మ ఏడ్చింది.

"మాత్ర వేసుకొని తినకపోతే షుగర్ పడిపోతుందని కూడా మీకు చెప్పి ఉండాల్సింది. సరే, ఇంటికి పోయి ఏం చేస్తారో ఇప్పుడు మీరే నాకు చెప్పండి."

నేను తప్పు చెప్పాను. ఆమె మళ్లీ వివరించింది. మళ్లీ తప్పే చెప్పాను. చివరికి ఒప్పుగా చెప్పింది రంగమ్మ: "ఒకపొద్దంటే ముందే మిమ్మల్ని అడిగి మాత్ర సంగతి తేల్చుకొంటాము. వణుకూ చెమటా వస్తే చక్కెర ఇస్తా. మాట పడిపోతే నోట్లో ఏమీ పోయకుండా ఇక్కడికి తెస్తా."

ఇప్పుడు షుగర్ అదుపులో ఉంది. చేను పని కొడుకు చూస్తున్నాడు, నేను గట్టున కూర్చొని తప్పులు పడుతున్నాను. ఆసుపత్రుల్లో పనిచేసేవారికి ఒక్క మాట. తెలిసిందా అని అడిగితే మాలాంటివాళ్లం తెలిసిందనే అంటాము. ఇంట్లో ఏం చేస్తావో చెప్పమనండి. తప్పు చెబితే విసుక్కోకండి. ఆ తప్పు మీ ఎదుట జరిగితే దిద్దుతారు; మండీలో జరిగితే మమ్మల్ని మోసుకురావాలి.