పది గుర్రాల పడవ ఇంజను

డిగ్రీ చేతికొచ్చిన కొత్తల్లో అచ్చులో కనిపించిన ప్రతి అంకెనూ నేను నమ్మేదాన్ని. ఇప్పుడంటే మా పాప దగ్గు మందు సీసా మీది కొలతను మళ్లీ మళ్లీ చదివి, మూతలో పోసి, లైటు కింద పెట్టి చూసి, అప్పటికీ ధైర్యం చాలక మా ఆయనకు చూపించే మనిషినయ్యాను గానీ, ఆ వయసులో నా అంత ధీమా గల పిల్ల జహీరాబాద్‌లో ఇంకొకతె ఉండి ఉండదు. ఆ ధీమాతోనే హైవే పక్కన ఇంజన్లు అమ్మే దుకాణంలో ఉద్యోగానికి చేరాను. మా ఊళ్లో ఎక్కడ విన్నా ట్రాక్టర్ల మాటే. మా సేఠ్ మాత్రం ఏదైనా కొత్తది అమ్మాలని, నీళ్ల మోటార్లతో పాటు పడవకు బిగించే ఇంజను ఒకటి తెప్పించి వాకిట్లో నిలబెట్టారు. (సముద్రం మాకు ఎంత దూరమో తెలిసినవాళ్లంతా నవ్వారు. సేఠ్ ఆశంతా సింగూరు డ్యాం నీళ్ల మీద.) చెరకు లారీల డ్రైవర్లు ఆగి, "గిదేం ట్రాక్టర్ సేఠ్, చక్రాలు యాడ పోయినయి?" అని అడిగి మరీ పోయేవారు.

దానికి కరపత్రం రాసే పని నాకు అప్పజెప్పారు. కంపెనీ పుస్తకంలో పది హార్స్ పవర్ అని ఉంది. "గట్ల రాస్తే ఎవలకు సమఝ్ అయితది బేటీ? జర మనసుకు పట్టేటట్టు రాయి" అన్నారు సేఠ్. నేను "మీ పడవకు పది గుర్రాల బలం!" అని రాసి, కింద జూలు ఎగరేస్తూ పరుగెత్తే పది గుర్రాల బొమ్మ వేయమన్నాను. (ప్రెస్సు అతను చోటు చాలక తొమ్మిదే వేశాడు. పదోదాని తోక మాత్రం అంచున కనిపించేది.) అసలు ఈ పదిని ఎట్లా కొలుస్తారని సేఠ్‌ను అడిగాను.

"కంపెనీల ఇంజన్‌ను బల్లకు బిగిస్తరు. తిరిగే ఇరుసుకు బ్రేక్ పట్టి, ఫుల్ స్పీడ్‌ల తిప్పుతరు. ఎంత బరువును ఎంత జల్ది తిప్పుతదో సూసి లెక్క కడ్తరు. గదే పది. మల్ల ఆ ఇరుసుకు పొడుగు రాడ్డు, రాడ్డు చివర పంకా, పంకా నీళ్లల్ల జారుడు... గివన్ని తినంగ మిగిలింది మిగులుతది."

"మరి మిగిలిందే రాయొచ్చు కదా సేఠ్ సాబ్?"

"పెండ్లిచూపులకు పోరడు ఎట్ల వస్తడు బేటీ? ఇస్త్రీ అంగి ఏసుకొని వస్తడు. పాంప్లెట్ల ఇంజన్ గూడ గట్లనే."

ఆ కరపత్రం పట్టుకుని వచ్చిన మొదటి మనిషిని నేను పడవ కాక అనేదాన్ని. ఊరు సింగూరు నీళ్ల అవతలి ఒడ్డు. చేపలు పడతాడు, ఇంత పొలమూ ఉంది. కూతురికి మా జహీరాబాద్‌లో డిగ్రీ సీటు వచ్చిందట. బస్సు ఎక్కాలంటే రోజూ పొద్దున నీళ్లు దాటాలి, సాయంత్రం మళ్లీ దాటాలి. "ఇంటామె ఒప్పుకుంటలేదు బిడ్డా. గాలి లేస్తే తెడ్డు ఆగది, పోరిని పంప అంటది. ఇంజన్ వెడ్తె సూద్దామన్నది" అన్నాడు. తర్వాత బొమ్మ మీద వేలు పెట్టి లెక్కపెట్టి, "తొమ్మిదే ఉన్నయి గద?" అన్నాడు. నేను తోక చూపించాను.

"సరే గని, మా ఎడ్లు బండలాగుడుల ఫస్టొచ్చినయి. పడవకు తాడు గట్టి వాటితోని గుంజవెడ్త. ఇంటిదాని కండ్ల ముంగట గుర్రాలు గెలవాలె. గెలిస్తే పోరి కాలేజీకి పోతది, లేకుంటే లేదు." మా వైపు బలం చూడాలంటే లాగించి చూడటమే. నేను క్షణం ఆలోచించలేదు. అటు రెండు ఎడ్లు, ఇటు పది గుర్రాలు. ఒక్కో ఎద్దుకు ఐదేసి గుర్రాలు! "తప్పకుండా కాకా" అన్నాను. లోపలి నుంచి వచ్చిన సేఠ్ సంగతి విని కుర్చీలో కూలబడ్డారు. "ఒప్పుకున్నవా? యా అల్లా! గుర్రం లెక్కల గుంజుడొక్కటే కాదు బేటీ, జల్ది గూడ ఉంటది. కట్టేసినంక జల్ది యాడికెళ్లొస్తది?"

ఆ ఆదివారం వ్యాన్‌లో ఇంజను వేసుకుని, నీళ్ల చుట్టూ తిరిగి వాళ్ల ఊరికి వెళ్లాం. సేఠ్ తెల్లటి కుర్తా, నేను కొత్త చున్నీ. ఒడ్డున ఊరు ఊరంతా ఉంది. పడవ ముక్కు నీళ్ల వైపు, వెనక భాగం మా వైపు. వెనక కొయ్యకు కట్టిన తాడు ఎడ్ల కాడికి బిగించారు. కాక పడవెక్కి ఇంజను స్టార్ట్ చేయగానే పంకా విసిరిన నీళ్లన్నీ మా మీదే పడ్డాయి. పడవ ఒక్క ఉదుటున ముందుకు పోయి, తాడు బిగుసుకుని, ఆగింది. నేను చప్పట్లు కొట్టాను. ఎడ్లు ఆ మోతకు తల తిప్పి ఒకసారి చూశాయి. తర్వాత ఇంటికి పోతున్నట్టు తాపీగా నడవడం మొదలుపెట్టాయి. పది గుర్రాలూ అరుచుకుంటూ వెనక్కి వచ్చేశాయి. లోతు తగ్గినకొద్దీ పంకా నీళ్లు మాని బురద చిమ్మింది. కాక ఇంజను ఆపేసరికి సేఠ్ కుర్తా ఏ రంగో చెప్పడం కష్టం. నా చేతిలోని కరపత్రాలు ముద్దయ్యాయి.

"గిదేనా పది గుర్రాలు? మా ఎడ్లకు చెమట గూడ పట్టలే!" అని ఎవరో అరిచారు. ఒడ్డంతా నవ్వు. నవ్వనిది కాక భార్య ఒక్కతే. నేను చిన్నమ్మా అని పిలిచి, ముఖం మీది బురద తుడుచుకుంటూ బల్ల, బ్రేకు, ఇరుసు, పంకా అన్నీ వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "నువ్వు మంచిగ సదువుకున్నవు బిడ్డా. నా పోరిని మాత్రం పంప" అంది.

గుంపులోంచి కూతురు గబగబా వచ్చి తాడు ముడి విప్పింది. "కట్టేసుకొని ఎవలన్న కాలేజీకి పోతరా అమ్మా? ఎక్కు. అద్దరికి పోయొద్దాం." చిన్నమ్మ నీళ్ల వైపు, కూతురి వైపు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నువ్వు గూడ రా. రాసినదానివి నువ్వే గద" అని లాక్కుపోయింది. సేఠ్ మాత్రం ఒడ్డునే ఉండి చేతులెత్తి దువా చేశారు.

కాక జరిగి కూతురిని ఇంజను దగ్గర కూర్చోబెట్టాడు. కట్టు లేని పడవ ఎదురుగాలిలోనూ దూసుకుపోతోంది. "చూశారా చిన్నమ్మా, వేగం!" అన్నాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. నడిమధ్యకు రాగానే, "బిడ్డా, గిది గిక్కడ ఆగిపోతే?" అంది. పడవ అడుగున ఉన్న తెడ్లు చూపించి, "తెడ్లు పడవలోనే ఉంచుకోవాలి" అన్నాను. ఆమె కూతురితో, "బంద్ చెయ్" అంది. ఇంజను ఆగింది. గాలి పడవను పక్కకు నెడుతోంది. పిల్ల తెడ్డు అందుకుని ముందు పడవ ముక్కును గాలికి తిప్పింది. వాళ్ల నాన్న లేవబోతే, "నువ్వు కూసో నాయిన" అంది. తర్వాత స్టార్టర్ తాడు లాగింది. రాలేదు. పళ్లు బిగించి మళ్లీ లాగింది. ఇంజను దగ్గి, పొగ వదిలి, అంటుకుంది. చిన్నమ్మ ఇంజను వైపే చూడలేదు. కూతురి చేతులనే చూస్తోంది. ఒడ్డు చేరాక, "పో మరి. గని తెడ్లు ఇంట్ల వెట్టి పోయినవో, సూడు" అంది.

వ్యాన్ దిగి మా వీధిలోకి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. అమ్మ మూలమీది కిరాణా మెట్ల మీద నిలబడి ఉంది. "ఏందే ఆ బురద? ఫోన్ ఎందుకు ఎత్తవు?" అంది. నీళ్లలో తడిసి ఫోన్ ఎప్పుడో మూగబోయింది. "ఇంజన్ అమ్ముడుపోయిందమ్మా! అంతా నేను రాసిన కాగితం మహిమే!" అంటూ తడిసిన చున్నీ ఆమె చేతిలో పెట్టి, చెయ్యి ఊపుతూ కథ చెప్పుకుంటూ ముందు నడిచాను. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో అడగాలని నాకు తోచనే లేదు. ఇప్పుడు మా పాప స్కూలు వ్యాన్ కొంచెం ఆలస్యమై గేటు బయట నిలబడినప్పుడల్లా ఆనాటి నేననే ఆ పిల్ల గుర్తొస్తుంది. ఒళ్లంతా బురదతో, లోకాన్ని గెలిచినట్టు, వెనక్కి తిరిగి చూడకుండా పోతూ ఉంటుంది. కాస్త ఆగవే, అమ్మను రానీ, అనబోతాను. వింటుందా? నవ్వొస్తుంది.