లిందౌరా ఇంటి బొక్కల గోడ

లిందౌరాను చూస్తే ఎవరూ భయస్థురాలనుకోరు. మా రెసీఫీ ఊళ్లో బడిపిల్లలకు ఇరవై రెండేళ్లు యూనిఫారాలు కుట్టిన మనిషి. బేరంలో ఆవిడ నోటి ముందు ఎవరూ నిలవలేరు. అలాంటిది, ఇంటి ప్లాను కోసం నా దగ్గరికి వచ్చిన రోజు కుర్చీని తలుపువైపు తిప్పుకొని మరీ కూర్చుంది.

"అదౌతో గారూ, వీధిలో ఎవడొచ్చాడో నాకు కనబడాలి. నేను వాడికి కనబడకూడదు."

"వాడెవడమ్మా?"

"ఇంకెవడు, నేను వదిలేసిన మొగుడు జెనారో. పాత ఇంటికి ఒక్కటే తలుపు. నన్ను కొట్టే ముందు వెళ్లి దానికి అడ్డంగా నిలబడేవాడు."

చొక్కా కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది.

వీధివైపు కింద నుంచి మేడ దాకా కొబొగో గోడ గీశాను. అంటే బొక్కల సిమెంటు దిమ్మెల గోడ. పగలు లోపలి మనిషి వీధివాళ్లకు కనబడదు. మా ఊళ్లో గాలి పిచ్చి అందరికీ ఉన్నదే, నాకు మరీ ఎక్కువ. చిన్న బొక్కలు చాలని మేస్త్రీ మొత్తుకున్నా వినకుండా అరచేయంత బొక్కలవి తెప్పించాను. వేడి పోవాలని పైన కప్పు కింద మూరెడు ఖాళీ కూడా వదిలించాను. ఆ ఖాళీకి ఒక మూల పక్కింటి ఇవోనె డాబా ఆనుకొని ఉంటుంది.

రంగులేసే రోజు వెళ్లి చూస్తే రంగులేసే కుర్రాడు బియు చెప్పుల్లేకుండా, డబ్బా మోచేతికి తగిలించుకొని, వీధిలోంచి ఆ గోడ ఎక్కుతున్నాడు.

"ఒరేయ్ బియూ, నిచ్చెనేదిరా?"

"మీరే కట్టించారుగా ఇంజనీరు గారూ!"

పకపకా నవ్వి, పై ఖాళీలోంచి దూరి, మేడగదిలోంచి నాకు చేయి ఊపాడు.

దొంగ చేతికి తాళాలిచ్చాను కదరా దేవుడా! సోమవారం ఆవిడ ఇంట్లో దిగుతోంది. రెండు రోజులు చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఎవరూ గమనించలేదులే, నోరు మూసుకుందామని కూడా అనుకున్నాను, సిగ్గులేని వెధవని. కళ్లు మూస్తే చాలు, బొక్కలో జెనారో కాలు. శనివారం పొద్దున వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. ఆవిడ మేడెక్కి, చెప్పులు విప్పి, లోపలివైపు నుంచి బొక్కల్లో కాలివేళ్లు పెట్టి ఎక్కడం మొదలుపెట్టింది.

"పడతారమ్మా!"

వినలేదు. పైదాకా వెళ్లి ఖాళీలోంచి తల బయటపెట్టి, ఇవోనె డాబా వైపు చాలాసేపు చూసింది. దిగి చెప్పులు తొడుక్కుంది.

"బయటివైపు వేలు కూడా పట్టకుండా చేయండి. లోపలివైపు ముట్టుకోకండి. పై ఖాళీ అలాగే ఉంచండి."

"గాలి తగ్గిపోతుందమ్మా."

"గాలి లేక నా చావొస్తుందని ఎప్పుడూ భయపడలేదు లెండి."

బయట సన్నటి ఇనుప జల్లెడ బిగించాం. నాలుగు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. లిందౌరా, రొప్పుతోంది.

"వచ్చాడండీ. మేడమీంచి చూశాను. జల్లెడ గీకాడు, పట్టు దొరకలేదు. తర్వాత గునపంతో తలుపు మీద పడ్డాడు."

"ఇప్పుడెక్కడున్నారమ్మా?"

"ఇవోనె డాబా మీద. ఆ పై ఖాళీలోంచే వచ్చాను. కాఫీ ఇచ్చింది, సగం ఒలకబోశాను. ఇప్పుడే పోలీసులొచ్చి వాణ్ణి పట్టుకెళ్లారు. తలుపు ముక్కలైంది. లోపలికొచ్చి, అలవాటు ప్రకారం దానికి అడ్డంగా నిలబడి నన్ను పిలిచాడండీ. పిలుస్తూనే ఉన్నాడు. ఆ గొంతు డాబా మీదికి వినబడింది. కానీ ఈసారి నేను ఇంట్లో లేను."