మందారం తాగిన నీళ్ళు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు నా మీద ఎంత నమ్మకమో, మిగతా లోకం మీద అంత అనుమానం. ఇరవై రెండేళ్ళ వయసు, నర్సింగు పాసై మూడు నెలలు. చిల్లకూరు దాటాక హైవే వదిలి సముద్రం వైపు కొంతదూరం పోతే వచ్చే ఒక వృద్ధాశ్రమంలో చేరాను. వెంకటాచలంలో మా అమ్మ నా ఉద్యోగం కోసం చర్చిలో ప్రార్థన చేయించింది. (నాకంటే ఆ ముసలివాళ్ళ క్షేమం కోసమే ఎక్కువ చేయించానని తర్వాత ఒప్పుకుంది.) చేరిన వారంలోనే ఒక షుగరు తాతయ్య దిండు కింద బెల్లం ముక్క, ఒక మామ్మ నాలుక కింద దాచుకున్న మాత్ర పట్టుకున్నాను. దాంతో నా బుర్రలో ఒక పోలీసు స్టేషను తెరుచుకుంది. ఎవరైనా దగ్గితే మందివ్వడానికి ముందు ఎందుకు దగ్గారా అని ఆరా తీసేదాన్ని. మా పెద్ద సిస్టర్ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "అనుమానం ఉండాల్సిందే అమ్మే. అయితే మనిషి మీద కాదు, జబ్బు మీద పెట్టుకో" అన్నది. నా తెలివి చూసి ఆమెకు కుళ్ళు అనుకున్నాను.

నాకు అనుమానం లేని మనిషి అక్కడ ఒక్కరే, చేపల అవ్వ. పులికాట్ పక్కన ఒక పల్లె ఆమెది. నలభై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలు అమ్మింది. తుంటి ఎముక విరిగాక, పొద్దున పనికి పోయి సాయంత్రానికి గానీ ఇల్లు చేరని కూతురు చూసుకోలేక మా దగ్గర చేర్చింది. కర్ర పట్టుకుని, పక్కన ఒక మనిషి ఉంటే బాత్‌రూముకు నడిచేది. ఎండాకాలం గనక అందరికీ పగటిపూట రెండు బాటిళ్ళ నీళ్ళు తాగించి రిజిస్టరులో రాయాలి. మిగతావాళ్ళ దగ్గర బతిమాలాలి. అవ్వ దగ్గర బాటిలు పెట్టి అట్లా తిరిగొచ్చేసరికి ఖాళీ. 'పూర్తిగా తాగారు' అని రాసి కింద గీత కూడా గీసేదాన్ని. ఆమె కిటికీ అవతల కుండీలో మందారం ఆ ఎండల్లోనూ గుత్తులుగా పూసింది. నేను వేసిన టీ పొడి మహిమ అని అందరికీ చెప్పుకున్నాను.

ఒక సోమవారం పొద్దున బీపీ చూడబోతే అవ్వ చెయ్యి లాగేసుకుంది. "నా గంపలో రొయ్యలు తీసింది నువ్వే గదా" అన్నది. నాకు రొయ్యలు ఒంటికి పడవని, తింటే దద్దుర్లు వస్తాయని పావుగంట వాదించాను. (నర్సు చెప్పాల్సిన మాట అది కాదని ఇప్పుడు తెలుసు.) అన్నంలో మందు కలిపామని పళ్ళెం తోసేసింది. మధ్యాహ్నం మామూలుగా నన్ను పేరు పెట్టి పిలిచింది, సాయంత్రానికి మళ్ళీ దొంగను చేసింది. మధ్యమధ్యలో బాగుంటోంది గనక ఇది నాటకమని తేల్చేశాను. మంగళవారం పక్క తడిపింది. అది మొండితనం కింద రాసుకున్నాను. వంటమనిషితో ఆమెకు కూర విషయంలో ఏదో తగాదా ఉందని తెలిసి, అనుమానితుల్లో వంటమనిషిని కూడా చేర్చాను. ఇంతలో మేనేజరు సారు, అవ్వకు మతి పోయిందని, ఇట్లాంటి వాళ్ళను ఇక్కడ పెట్టుకోలేమని, శుక్రవారం వచ్చి తీసుకుపొమ్మని కూతురికి ఫోన్ చేశారు. స్పీకరులో ఆ కూతురి గొంతు నాకూ వినిపించింది. "నేను పనికి పోవాల సారూ. ఆమెను ఇంట్లో కట్టేసి పోమంటారా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. శుక్రవారంలోగా ఈ నాటకం బయటపెడితే, మతి పోలేదని తేలి ఆమె మంచం ఆమెకు దక్కుతుందని బుధవారం పొద్దున అవ్వ గదిలో బీరువా వెనక దూరాను. కాళ్ళకు దోమలు, ముక్కు నిండా దుమ్ము, పైగా తుమ్ము వచ్చేట్టుంది. అవ్వ అటూ ఇటూ చూసింది. బాటిలు మూత తీసి, కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాచి, నీళ్ళన్నీ మందారం కుండీలో పోసేసింది. నేను తుమ్ముకుంటూ బయటికొచ్చి, దొరికావు అవ్వా అన్నాను. ఆమె నాటకమాడే మనిషిలా ఉలిక్కిపడలేదు. భయపడింది. బాటిలు గుండెకు అదుముకుని, "ఇప్పుడు తాగితే యాడ కూర్చోవాల తల్లీ, నడిబజారు గదా. బేరాలయినాక ఇంటికి పోయి తాగతా" అన్నది.

నాకు నవ్వు మొదలై సగంలో ఆగిపోయింది. వీధుల్లో ఆడమనిషి ఒంటేలుకు పోవడానికి చోటు లేక, నలభై ఏళ్ళు పొద్దుగూకేదాకా గొంతు తడుపుకోని మనిషి ఆమె. ఇక్కడ బాత్‌రూము పది అడుగుల్లో ఉన్నా ఆ అలవాటు పోలేదు. వయసులో అన్నేళ్ళు తట్టుకున్న ఒళ్ళు ఇప్పుడు తట్టుకోలేదు. నేనేమో వారాల తరబడి మందారం తాగిన నీళ్ళను అవ్వ పేరున రాశాను.

పెద్ద సిస్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆమె తిట్టలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. రెండే ప్రశ్నలు అడిగింది, ఈ గందరగోళం ఉన్నట్టుండి వచ్చిందా, ఒంటేలుకు పోయేటప్పుడు అవ్వ మొహం ఎట్లా పెడుతోంది అని. ఉన్నట్టుండే వచ్చింది. మొహం చిట్లించుకుని గోడ పట్టుకోవడం నేను చూశాను, చూసి వేషాలు అనుకున్నాను. జ్వరం లేదు గదా అన్నాను. నీళ్ళు తక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షను రావచ్చునని, వయసైన వాళ్ళకు అది ఉన్నా ఒళ్ళు కాలకపోవచ్చునని, మాట తడబడొచ్చునని చెప్పి, అప్పటికప్పుడు డాక్టరుగారిని పిలిపించింది. ఆయన అవ్వ ఛాతీ, షుగరు, వాడే మందులు అన్నీ చూసి, మూత్రం ల్యాబుకు పంపి, మందు మొదలుపెట్టారు. "ఇది మతి పోవడం కాదు సారూ, నాలుగు రోజుల్లో దిగిపోయే జబ్బు కావచ్చు. శుక్రవారం మాట ఆపండి" అని మేనేజరుగారితో పెద్ద సిస్టర్ నిలబడి చెప్పింది. ఆయన వారం గడువిచ్చారు.

ఆ వారం నేను గంటన్నరకోసారి అవ్వను అడక్కుండానే బాత్‌రూముకు నడిపించాను. తలుపు దగ్గర కాపలా ఉన్నాను గనక ఎవరూ రారని ప్రతిసారీ చెప్పాను. నీళ్ళలో ఏదో కలిపానని ఆమె అనుమానం, పారబోస్తుందని నాది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒకే బాటిల్లోంచి రెండు గ్లాసులు, ముందు నేను తాగాలి. మందులు, ఆ నీళ్ళు కలిసి పనిచేశాయి. ఆరో రోజు అవ్వ నన్ను పేరు పెట్టి పిలిచి, "ఏందమ్మే, ముఖమంతా పీక్కుపోయింది, నీళ్ళు తాగతా ఉండావా?" అని అడిగింది. వరండాలోకి పోయి ఏడ్చాను. మంచం ఆమెకే దక్కింది. మందారం మాత్రం కాస్త వాడింది.

ఇప్పుడు నెల్లూరులో ఒక పెద్ద వార్డుకు నేనే పెద్ద సిస్టర్‌ని. ఎవరైనా ముసలివాళ్ళు ఉన్నట్టుండి తిక్కగా మాట్లాడుతున్నారంటే, ముందు నీళ్ళ సంగతి, మూత్రం సంగతి, మందుల సంగతి చూడమని కొత్త పిల్లలకు చెబుతాను. రిజిస్టరులో రాసేముందు మింగడం కళ్ళారా చూశారా అని గద్దిస్తాను కూడా. నిన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చి బ్యాగు తీస్తే పొద్దున నింపుకున్న బాటిలు నిండుగా అట్లాగే ఉంది. వార్డు వదిలి బాత్‌రూముకు పోయే తీరిక ఉండదని ఎన్నేళ్ళుగానో నేను డ్యూటీలో నీళ్ళు ముట్టను. అలవాటుగా బాల్కనీలో మందారం కుండీ మీద బాటిలు వంచబోయి ఆగిపోయాను. వెనక ఎవరో దాక్కుని చూస్తున్నట్టు ఎందుకో గదిలోని బీరువా వైపు చూసి, అక్కడే నిలబడి మొత్తం తాగేశాను.